సకల ఆత్మల దినము

సకల ఆత్మల దినము అనగా మరణించిన విశ్వాసులను స్మరించి, వారి కొరకు ప్రార్థించుటకై పశ్చిమ క్రైస్తవ సంఘము, ముఖ్యముగా రోమన్ కథోలిక సంఘము, ప్రత్యేకించిన దినము. ఇది ప్రతి సంవత్సరము నవంబరు 2వ తేదీన, అనగా సకల పునీతుల పండుగకు మరునాడు వచ్చును. తెలుగునాట దీనిని సమాధుల పండుగ అనియు, మృతుల పండుగ అనియు వ్యవహరింతురు. పండుగ అనునది వాడుక మాట మాత్రమే. ఇది ఉత్సవ దినము కాదు. ఈ తేదీ ఆదివారము నాడు పడినను (2025లో అట్లే పడినది) కథోలిక దేవాలయములలో మృతుల కొరకైన పూజయే జరుగును.

తొలి శతాబ్దములు

మృతుల కొరకు ప్రార్థించుట ఈ దినము కంటె చాల పాతది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరములో 203లో హతసాక్షిగా మరణించిన పెర్పెతువ, చెరసాలలో ఉండగా, ఏడేండ్ల వయసులో ముఖముపై పుండుతో చనిపోయిన తన తమ్ముని కొరకు ప్రార్థించినట్లు ఆమె వృత్తాంతములో ఉన్నది. అదే నగరమునకు చెందిన తెర్తుల్లియను, మృతుల వర్ధంతి నాడు అర్పణలు చేయు ఆచారమును పేర్కొనెను. కొంత కాలమునకు, ఆరాధన మధ్యలో చదువుటకై జీవించియున్న వారి పేర్లు, మృతుల పేర్లు వ్రాసిన జంట పలకలు వాడుకలోనికి వచ్చెను. ఆ పలక నుండి ఒకరి పేరు తొలగించుట సంఘము నుండి వెలివేయుటతో సమానముగా భావింపబడెడిది.

ఈ విషయమున అగస్టీను తల్లి మోనికా కథ మిక్కిలి తెలిసికొనదగినది. ఆమె తన ఆఫ్రికా దేశపు వాడుక ప్రకారము మిలాను నగరములో హతసాక్షుల సమాధుల వద్దకు జావ, రొట్టె, ద్రాక్షారసము తీసికొనిపోయెడిది. ఇది రోమనుల పితృదినముల ఆచారమును పోలియున్నదనియు, త్రాగుడుకు అవకాశమిచ్చుననియు బిషపు అంబ్రోసు దానిని నిషేధించియుండెను. ఆమె మారుమాటాడక మానివేసెను. 387లో ఓస్తియా రేవులో ఆమె మరణశయ్యపై ఉండగా, పరదేశములో గాక స్వదేశములో మరణించిన బాగుండునని ఒక కుమారుడు అనెను. ఆమె భర్త సమాధి ప్రక్కన తనకు చోటు ముందుగానే ఏర్పరచుకొన్నది. అయినను ఆ కోరికను వదలుకొని, దేహమును ఎక్కడ పాతిపెట్టినను సరే, మీరెక్కడ ఉన్నను దేవుని బలిపీఠము వద్ద నన్ను తలచుకొనుడని మాత్రమే కోరెను. ఆహారము నుండి, సమాధి స్థలము నుండి ప్రార్థన వైపునకు స్మరణ మరలిన తీరు ఈ ఒక్క స్త్రీ జీవితములోనే కనబడును. అగస్టీను ఈ సంగతులను కన్ఫెషన్స్ అను గ్రంథములో వ్రాసి, చదువరులు కూడ తన తల్లిదండ్రులను స్మరింపవలెనని వేడుకొనెను.

నవంబరు 2 ఏర్పడిన విధము

ఫ్రాన్సులోని క్లూనీ మఠమునకు 994 నుండి 1049 వరకు అధిపతిగా ఉన్న ఒదిలో, తన అధీనములోని మఠములన్నిటిలో ఈ దినమున పూజలు, కీర్తనలు, బీదలకు దానములు జరుగవలెనని శాసించెను. ఇది సుమారు 998 నాటి మాటగా చెప్పుదురు. క్లూనీ మఠముల వెంట ఆచారము ఐరోపా అంతట వ్యాపించెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1915లో, పోపు పదునైదవ బెనెడిక్టు ఈ దినమున ప్రతి గురువు మూడు పూజలు చేయుటకు అనుమతినిచ్చెను.

వివాదము

మృతులకు మన ప్రార్థన వలన మేలు కలుగునా అనునది ప్రశ్న. కలుగునని కథోలికుల విశ్వాసము. దేవుని కృపలో మరణించియు ఇంకను శుద్ధి కావలసిన ఆత్మలు ఉత్తరించు స్థలములో ఉండునని, వారికి ప్రార్థనలు తోడ్పడునని 1563లో ట్రెంటు మహాసభ పునరుద్ఘాటించెను. ఆ సభయే ఈ విషయమున ధనాశను, మూఢనమ్మకములను అరికట్టవలెనని బిషపులను ఆదేశించెను. 1517లో మార్టిన్ లూథర్ లేవనెత్తిన పాపపరిహార పత్రముల వివాదము అంతకు ముందే సంఘమును చీల్చియుండెను. కథోలికులు చూపు ముఖ్య వాక్యభాగము రెండవ మక్కబీయుల గ్రంథము 12వ అధ్యాయము. ప్రొటెస్టంటులు వాడు తెలుగు బైబిలులో ఆ గ్రంథమే లేదు. కనుక వాదము సగము అక్కడనే ఆగిపోవును.

ఇంగ్లండు సంఘపు 1549 నాటి ప్రార్థన గ్రంథములో మృతుల కొరకైన ప్రార్థనలు ఉండెను. 1552 ప్రతిలో వాటిని తీసివేసిరి. తూర్పు ఆర్థడాక్సు సంఘములు ఉత్తరించు స్థలము అను సిద్ధాంతమును అంగీకరింపకయే మృతుల కొరకు ప్రార్థింతురు. క్రీస్తు సమాధిలో ఉన్నది శనివారము కనుక ఆ వారమును ఎంచుకొని, ఉడికించిన గోధుమలలో చక్కెర, ఎండుద్రాక్ష కలిపి పంచుదురు. భూమిలో పడి చచ్చి ఫలించు గోధుమగింజను గూర్చి క్రీస్తు చెప్పిన మాట దీనికి ఆధారము.

తెలుగునాట

నవంబరు 2కు ముందే కుటుంబములవారు సమాధుల తోటలో కలుపు తీసి, సమాధులకు సున్నము వేయుదురు. ఆనాడు పూలు, కొవ్వొత్తులు ఉంచుదురు. దీనిని పెద్దల అమావాస్యతో పోల్చుట కలదు. కాని ఇందు తర్పణము గాని పిండము గాని లేదు. మృతులను తృప్తిపరచుట ఉద్దేశ్యము కాదు. పెక్కు ఊళ్లలో కథోలికులేగాక ఇతర సంఘములవారు కూడ వచ్చుచుందురు. కథోలిక గురువు పవిత్ర జలము చల్లి, మృతునికి నిత్య విశ్రాంతిని ఇమ్మని వేడుకొనును. ప్రొటెస్టంటు పాస్టరు మృతుని జీవితము కొరకు దేవునికి కృతజ్ఞత చెల్లించి, బ్రతికియున్న కుటుంబమునకు ఆదరణ కోరును. మరణానంతరము వారి ఇండ్లలో జరుపు ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక అనువాటిలోను ఇదే జాగ్రత్త కనిపించును.