‘అలో’ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి
అప్పుల యాప్‌లు, పథకాల పేరుతో వచ్చే ఫైళ్లు: మీరు తెలుసుకోవాల్సినవి

తెల్లకాగితం మీద వేలిముద్ర వేయొద్దని మన ఇండ్లలో పెద్దలు చెప్తుంటారు. ప్రామిసరీ నోటు మీద సంతకం చేయాల్సి వస్తే చదువు వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, అసలు ఎంత, మిత్తి ఎంత అని అడిగి చేస్తాం. అదే మనం ఫోన్‌లో కొత్త యాప్ తెరిచినప్పుడు మాత్రం ‘ఐ అగ్రీ’, ‘అలో’, ‘అలో’ అంటూ వరుసగా నొక్కుకుంటూ పోతాం. అది కూడా సంతకమే. దాంతో ఏం ఇస్తున్నామో తెలుసుకుని నొక్కాలి.

నొక్కితే ఏం ఇచ్చినట్టు?

‘ఐ అగ్రీ’ అంటే యాప్ కంపెనీ పెట్టిన షరతులకు ఒప్పుకున్నట్టు. ‘అలో’ అంటే మీ ఫోన్‌లో ఒక అర తాళం తీసి ఇచ్చినట్టు.

• కాంటాక్ట్స్: మీరు సేవ్ చేసుకున్న పేర్లు, నంబర్లు అన్నీ.
• ఎస్ఎంఎస్: బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు.
• ఫోటోలు: కుటుంబం ఫోటోలతో పాటు, ఫోటో తీసి పెట్టుకున్న ఆధార్, పాస్‌బుక్ కూడా.
• లొకేషన్: మీరు ఎక్కడున్నారో.

వీటిలో కాంటాక్ట్స్ సంగతి వేరు. ఆ నంబర్లు మీ ఒక్కరివే కావు. సంఘం అక్కల నంబర్లు, బిడ్డ అత్తగారింటి నంబరు, దేవరకొండ నుంచి హైదరాబాద్‌కో, పాలమూరు నుంచి ముంబైకో పనికి పోయిన తమ్ముడి నంబరు అన్నీ అందులోనే ఉంటాయి. మీరు ఒక్కసారి నొక్కితే వాళ్లను అడగకుండానే వాళ్ల నంబర్లు ఇచ్చినట్టే.

2020లో మన రాష్ట్రంలో జరిగింది ఇదే

కరోనా లాక్‌డౌన్‌లో పనులు పోయి చాలామంది చేతిలో పైసలు లేకుండా ఉన్నారు. అప్పుడు కాగితాలు లేకుండా నిమిషాల్లో అప్పు ఇస్తామంటూ యాప్‌లు వచ్చాయి. అప్పు చిన్నది, గడువు కొద్ది రోజులే. అప్పు ఇచ్చే ముందే కాంటాక్ట్స్, ఫోటోలకు అనుమతి అడిగేవి. అవసరంలో ఉన్నవాళ్లు నొక్కారు.

గడువు దాటితే ఫోన్ అప్పు తీసుకున్న మనిషికే రాలేదు. అన్నకు, ఆఫీసులో పెద్దసారుకు, ఎప్పుడో సేవ్ చేసిన దుకాణదారుకు కూడా పోయింది. ఫోటో పెట్టి ‘వీడు దొంగ’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. ఆ అవమానం తట్టుకోలేక మన రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. హైదరాబాద్, గురుగ్రామ్‌లలో కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఇటువంటి యాప్‌లతో జాగ్రత్తగా ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2020 డిసెంబరు 23న ప్రజలను హెచ్చరించింది.

అక్కడ అప్పుకు జమానతుగా పోయింది పొలమో బంగారమో కాదు, మనిషి పరువు. దానికి దారి ఇచ్చింది ఒక్క ‘అలో’.

ఇప్పుడు నిబంధనలు ఏమంటున్నాయి?

• రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పు ఇచ్చే యాప్ మీ కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైళ్లు, ఫోటోలు చూడకూడదు. కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ ఒక్కసారి వాడుకోవచ్చు, అది కూడా మీరు ఒప్పుకుంటేనే. కాబట్టి అప్పు యాప్ కాంటాక్ట్స్ అడిగిందంటే అక్కడే ఆగిపోండి.
• 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్‌లో కూడా అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు చూడకూడదనే నియమం ఉంది.
• 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. డాక్టరుతో మాట్లాడించే యాప్‌కు కాంటాక్ట్స్ అవసరం లేదు కాబట్టి, మీరు సరే అన్నా ఆ ఒప్పుకోలు చెల్లదని చట్టంలోనే ఉదాహరణ రాసి ఉంది. అనుమతి అడిగే నోటీసును తెలుగులో చూసుకునే వీలు కూడా కల్పించాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అనుమతికి సంబంధించిన భాగాలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటిదాకా మన జాగ్రత్తే మనకు మొదటి కాపలా.

పథకాల పేరుతో వచ్చే ఫైళ్లు

‘రైతు భరోసా స్టేటస్’, ‘ఇందిరమ్మ ఇండ్ల జాబితా’, ‘పీఎం కిసాన్’ అంటూ వాట్సాప్‌లో ఫైలు వస్తే దాని పేరు చివర చూడండి. ఏ, పీ, కే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది జాబితా కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి ఎస్ఎంఎస్‌కు అనుమతి ఇస్తే మీ ఓటీపీలు అవతలివాడు చదువుతాడు. ఖాతా ఖాళీ అయ్యే దాకా మీకు తెలియదు.

పథకం పైసలు పడాలంటే వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఇన్‌స్టాల్ చేయాలని ఏ ప్రభుత్వ శాఖా అడగదు. రైతు భరోసా గురించి మీ ఏఈఓను, ఇల్లు, పింఛను గురించి పంచాయతీ కార్యదర్శిని అడగండి. లేదా మీసేవకు పోండి.

“పది పేజీల ఇంగ్లీషు ఎట్లా చదవాలి?”

న్యాయమైన ప్రశ్నే. మొత్తం చదవలేకపోయినా ఈ మూడు చూసుకోండి:

1. ఎవరిది? అప్పు యాప్ అయితే వెనక ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉందో చూడండి. పేరు లేకపోతే వద్దు.
2. ఏం అడుగుతోంది? టార్చిలైట్ యాప్‌కు కాంటాక్ట్స్ ఎందుకు? పనికి సంబంధం లేనిది అడిగితే ‘డోంట్ అలో’ నొక్కండి. మంచి యాప్ అయితే అయినా పనిచేస్తుంది.
3. ఎప్పటిదాకా? ‘వైల్ యూజింగ్ ది యాప్’ అని ఉంటే అదే ఎంచుకోండి. వాడుతున్నంతసేపే అనుమతి ఉంటుంది.

ఇప్పటికే నొక్కేశారా?

• సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ తెరిచి, యాప్ పేరు మీద, తర్వాత ‘పర్మిషన్స్’ మీద నొక్కండి. అక్కర్లేనివి తీసేయండి. ఇది ఇంకా పోకుండా ఆపుతుంది కానీ, ఇప్పటికే పోయిన నంబర్లను వెనక్కి తేదు. యాప్ తీసేసినా అంతే.
• బెదిరింపులు వస్తే మెసేజ్‌లు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మీ కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్లకు ముందే విషయం చెప్పండి. వాళ్లకు తెలిస్తే బెదిరించేవాడి బలం సగం పోతుంది.
• ఖాతాలో పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.
• మనసు బాగా కుంగిపోతే 14416, టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మోసపోయింది మీరు, తప్పు చేసింది వాళ్లు. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడొద్దు.

గమనిక: ఈ పీడీఎఫ్‌లో మీరు నొక్కాల్సిన లింకు ఒక్కటీ లేదు. ఇదే సమాచారానికి లింకు గానీ, ఏపీకే ఫైలు గానీ జత చేసి ఎవరైనా పంపితే అది మేం పంపింది కాదు. తెరవకండి, ఇంకొకరికి పంపకండి.