షాదీఖానా గోడల మీద మన ఊరు

పెళ్లిళ్ల సీజను ముగిశాక ఏ ఊళ్లోనైనా షాదీఖానా బోసిపోయి కనిపిస్తుంది. కర్నూలు పాతబస్తీలో అలాంటి ఒక హాలును రెండు రోజులకు అడిగి తీసుకుని, ఊళ్లోని ఫొటోగ్రాఫర్ల పనిని నలుగురికీ చూపించాలని మేము కొందరం అనుకున్నాం. వీరంతా నిఖాలకూ, వలీమాలకూ, పాస్‌పోర్టు సైజు ఫొటోలకూ మనం పిలిచే భాయీలే. ఆల్బం చివరి అట్ట మీద స్టూడియో ముద్ర తప్ప వీరి పేరు మరెక్కడా కనబడదు. మన బస్తీలంటే బయటివారికి తెలిసిన ఫొటోలు ఏవి? నల్ల బురఖాలు, బిర్యానీ దేగులు, రంజాన్ రాత్రుల చార్మినార్. అవి అబద్ధమని కాదు. కానీ రోజూ ఈ గల్లీల్లోనే తిరిగేవాడి కంటికి కనిపించేది అంతమాత్రమే కాదు గదా!

ఇంకొక కారణమూ ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచెత్తాయి. బియ్యం పోయింది, బట్టలు పోయాయి, బీరువాలు తుప్పు పట్టాయి. కష్టపడి వాటిని మళ్లీ సమకూర్చుకున్నారు. పెళ్లి ఆల్బములను మాత్రం ఎవరూ మళ్లీ సమకూర్చుకోలేకపోయారు. స్టూడియోల్లో నెగటివ్ కవర్లు బురదలో ముద్దలైపోయాయి. నాన్నగారి ముఖం ఎలా ఉండేదో పిల్లలకు చూపించడానికి ఒక్క కాగితం మిగలని ఇళ్లు మాకు తెలుసు.

మొదట మేము పెట్టిన అంశం 'మన ఊరు'. అది మా పొరపాటు. వచ్చిన వాటిలో ఎక్కువ భాగం సూర్యోదయంలో కొండారెడ్డి బురుజు, సూర్యాస్తమయంలో కొండారెడ్డి బురుజు, మధ్యలో నవ్వుతున్న పిల్లలు. అంశం ఎంత విశాలంగా ఉంటే ఫొటోలు అంతగా ఒకేలా ఉంటాయని అప్పుడు తెలిసింది. మళ్లీ కూర్చుని ఒకే మాట చెప్పాం: 'నీళ్లు'. రెండు నదులు కలిసేచోట, కేసీ కాలువ ఒడ్డున బతికే ఊరికి ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? ఈసారి వచ్చినవి వేరు. తెల్లవారుజామున మసీదు హౌజు మీద ఒక్క ఆకు తేలుతూ ఉంది. వుజూ గట్టు రాయి ఏళ్ల తరబడి పాదాలు పడి పల్లంగా అరిగింది. కిరాణా కొట్టు ముందు బాటసారుల కోసం పెట్టిన మట్టికుండ, దాని మీద గొలుసుతో కట్టిన గ్లాసు. ముహర్రం సబీల్ దగ్గర ఖాళీ అయిన షర్బత్ డ్రమ్ము. కుళాయి దగ్గర వరుసలో నిలబడిన ప్లాస్టిక్ బిందెలు, మనుషులు లేకుండా. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మజు నీడ నీళ్లలో. ఒకాయనైతే తన ఇంటి గోడ మీద వరద గీతను మాత్రమే తీసుకొచ్చారు. ఆ గీత తలుపు చట్రానికి పైన ఉంది.

ఇంతలో అసలు ప్రశ్న ఎదురైంది. మసీదు ఇమాం సాహెబ్‌ను ఆహ్వానించడానికి వెళ్తే ఆయన నొచ్చుకున్నారు. "గోడకు మనుషుల ఫొటోలు తగిలిస్తారా మియా? నేను రాలేను" అన్నారు. ఈ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నమాట నిజమే. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫొటో తీయడం సమ్మతమేనని వాదిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఫొటో చిత్రం గీయడం వంటిది కాదు, ఉన్న నీడను పట్టి నిలపడమే అన్నది ఆ పక్షం వాదన. మన దేశంలో దేవ్‌బంద్ ఉలమాలు ఎక్కువగా ప్రాణుల ఫొటోలను అవసరం మేరకే, అంటే పాస్‌పోర్టు, గుర్తింపు కార్డు వంటి వాటికే అనుమతించారు. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. అయితే హజ్రత్ కూర్చున్న గదిలోనే కాబా ఫొటో వేలాడుతోందని మాత్రం వినయంగా గుర్తుచేశాం. ఆయన నవ్వి, "అందులో ప్రాణి లేదు గదా" అన్నారు. మా దారి అక్కడే దొరికింది.

ఆ కాబా ఫొటోలకూ ఒక చరిత్ర ఉంది. ఈజిప్టు సైన్యాధికారి ముహమ్మద్ సాదిక్ బే 1861లో మదీనాను, 1880లో మక్కాను కెమెరాలో బంధించారు. ఆ పవిత్ర నగరాల తొలి ఫొటోలు ఆయనవే. ఆ తరువాత కొద్ది ఏళ్లకే మక్కా వాసి, వైద్యుడు సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్ తన ఊరిని తానే ఫొటోలు తీశారు. కెమెరాను కనిపెట్టింది మనవాడే అని ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పి గర్వపడే అలవాటు మనలో ఉంది. వెయ్యేళ్ల కిందట ఆ మహనీయుడు చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరిశీలించి, చూపు ఎలా కలుగుతుందో వివరించారు. ఫొటో మాత్రం తీయలేదు. ఆ గర్వానికి బదులు మన గల్లీని మనం ఒక్కసారి శ్రద్ధగా చూస్తే ఆయనకు అదే గౌరవమని మాకు అనిపిస్తుంది.

అలా గోడ మీద ముఖాలు లేని ప్రదర్శన అని నిశ్చయమైంది. కొందరు యువకులు చిన్నబుచ్చుకున్నారు. పెళ్లిళ్లలో ఎన్ని ముఖాలు తీస్తున్నాం, ఇక్కడెందుకు వద్దు అన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. కానీ పెళ్లి ఫొటో ఆ ఇంటివారిది. దాన్ని బజారుకు పెట్టాలంటే అందులోని ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి, ముఖ్యంగా ఆడవారిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. నూటముప్పై ఏళ్ల కిందట ఆయన చూపిన జాగ్రత్త, చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరైన ఈ రోజుల్లో మనకు మరింత అవసరం. మా ప్రదర్శనకు ఫొటోలిచ్చిన వారిలో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఆడవారి వైపు వుజూ స్థలాన్ని తీయగలిగింది వారొక్కరే.

ఇక పనుల సంగతి. షాదీఖానా కమిటీ వారు గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు. స్తంభాల మధ్య తాళ్లు కట్టి, ఫొటోలను సన్‌బోర్డుకు అంటించి క్లిప్పులతో వేలాడదీశాం. అద్దాల ఫ్రేములు వద్దనుకున్నాం, ట్యూబులైటు వాటిలో ప్రతిఫలించి ఫొటో కనబడదు. అన్నీ 12×18 అంగుళాలే, మధ్యభాగం నేల నుంచి సుమారు ఐదడుగుల ఎత్తులో. ఒక్కొక్కరికి మూడే ఫొటోలు, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారికైనా, నిన్న కెమెరా కొన్నవారికైనా. కింద పేరు, చోటు, నెల, సంవత్సరం, తెలుగులోనూ ఉర్దూలోనూ. కవితలు రాసి తెచ్చినవారిని బతిమాలి వాటిని తీయించాం. ఒక నాయకుడి తాలూకు వారు ఖర్చంతా భరిస్తామనీ, గుమ్మం మీద ఆయన ఫ్లెక్సీ ఉండాలనీ అన్నారు. ముఖాలు లేని ప్రదర్శనకు ఆయన ముఖం ఒక్కటే కాపలా ఉండడం బాగుండదని మర్యాదగా తప్పుకున్నాం. తలా కొంత వేసుకున్నాం.

వరదలో తడిసి, ఎలాగో మిగిలిన పాత ఫొటోలను కూడా తెమ్మని చెప్పాం. వాటిలో ముఖాలు ఉంటాయి గనుక తాడు మీద కాకుండా ఒక బల్ల మీద, మూసిన ఆల్బములో ఉంచాం. చూడదలచినవారు తెరుస్తారు, వద్దనుకున్నవారు దాటిపోతారు. ఇక్కడ పాఠకులకు ఒక మాట. ఫొటోలు తడిస్తే చాలామంది వెంటనే ఎండలో పడేస్తారు, లేదా ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగుతారు. రెండూ తప్పే. ఆరకముందే శుభ్రమైన చల్లని నీళ్లలో ఉంచి మెల్లగా విడదీయాలి. పై భాగాన్ని వేళ్లతో తాకకుండా నీడలో, బొమ్మ పైకి ఉండేలా, విడివిడిగా ఆరబెట్టాలి. అన్నీ చూసుకునే తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచితే కుళ్లకుండా ఆగుతాయి. ఈ మాట 2009లో మాకు తెలిసి ఉంటే ఎన్ని ఆల్బములు దక్కేవో!

శుక్రవారం జుమా నమాజు తరువాత తలుపులు తెరిచాం. ఇమాం సాహెబ్ వచ్చారు. అరిగిన వుజూ రాయి ముందు చాలాసేపు నిలబడి, అది ఏ మసీదుదో చెప్పమని ఫొటోగ్రాఫరును అడిగారు. అది ఆయన మసీదుదే. రోజూ దాని మీదే కాళ్లు కడుగుతున్నా ఎన్నడూ చూడలేదన్నారు. వరద గీత దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. తమ ఇళ్లలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపుకుంటూ నడిచిపోయారు.

రెండో రోజు సాయంత్రం ఒక పెద్దావిడ మనవడి చేయి పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆల్బములో సగం రంగు కరిగిపోయిన ఒక బరాత్ ఫొటో ఉంది. అంచున గుర్రం పగ్గం పట్టుకున్న కుర్రవాడి మీద వేలు పెట్టి, "వీడు మా తమ్ముడు. ఈ ఫొటో ఉందని నాకు తెలియదు" అన్నారు. అది ఆమె ఇంటి పెళ్లి కాదు, వేరే ఎవరిదో. ఫొటో తెచ్చిన స్టూడియో యజమాని ఆమె దగ్గర అడ్రసు రాయించుకుని, ఆ పెళ్లివారిని అడిగి ప్రింటు పంపుతానన్నారు. ఆమె ఇంకాసేపు కూర్చుంటానంటే హాలు తాళం వేయడం అరగంట ఆపాం.