ఇంటి కంప్యూటరు మెమొరీని ఎలా వాడుకొంటుంది?

గత పాఠంలో కంప్యూటరు పెట్టెలో ఏయే భాగాలు ఉంటాయో తెలుసుకొన్నారు. వాటిలో మెమొరీని మాత్రం ఈ పాఠంలో విడిగా తీసుకొంటున్నాం. దానికి కారణం ఉంది. పాత కంప్యూటరు కొనడానికి దుకాణానికి వెళ్లినవారికి "దీనికి ఐదువందల జీబీ మెమొరీ ఉందండీ" అని చెబుతుంటారు. ఇంటికి తెచ్చి రెండు మూడు పనులు ఒకేసారి మొదలుపెట్టగానే అది కదలకుండా కూర్చుంటుంది. "ఐదువందలు ఉండి కూడా ఇంత నెమ్మదా?" అని కొన్నవారు వాపోతారు. దుకాణదారు చెప్పిన అంకె అబద్ధం కాదు. అయితే మనం మొదట అడగవలసిన అంకె అది కాదు. ఏ అంకె అడగాలో, ఎక్కడ డబ్బు ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కరలేదో ఈ పాఠం చదివాక మీరే నిర్ణయించుకోగలుగుతారు.

పేరు ఒకటి, చోట్లు రెండు

కంప్యూటరులో సమాచారం ఉండే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి డిస్కు. మీ ఉత్తరాలు, ఫోటోలు, పాటలు, ప్రోగ్రాములు అన్నీ ఇందులో దాచి ఉంటాయి. కరెంటు పోయినా ఇవి చెక్కుచెదరవు. దుకాణదారు చెప్పిన ఐదువందలు దీని సంగతే. రెండవది ర్యామ్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ప్రధాన స్మృతి అంటారు. సన్నని పలక మీద వరుసగా అమర్చిన నల్లని చిప్పులు ఇవి. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో 4, 8, 16 జీబీల ర్యామ్ ఎక్కువగా కనిపిస్తుంది. వాడుకలో ఈ రెంటినీ మెమొరీ అనేయడం వల్లనే చిక్కు వస్తోంది.

ఒక దర్జీ దుకాణాన్ని ఊహించుకోండి. గోడ పక్కన బీరువా ఉంటుంది. ఊళ్లోవాళ్లు కుట్టమని ఇచ్చిన గుడ్డలన్నీ అందులో ఉంటాయి. మధ్యలో కత్తిరించే బల్ల ఉంటుంది. బీరువాలో ఎన్ని గుడ్డలున్నా కత్తెర నడిచేది బల్ల మీద పరచిన గుడ్డ మీదనే. బీరువా డిస్కు, బల్ల ర్యామ్, దర్జీ ప్రాసెసరు అనుకోండి. బల్ల చిన్నదైతే ఒక గుడ్డ మడిచి లోపల పెట్టి ఇంకొకటి తీయాలి. బీరువా ఎంత పెద్దదైనా ఆ శ్రమ తప్పదు.

ఈ పోలిక ఒక విషయంలో మాత్రం కుదరదు. దర్జీ బీరువాలోంచి గుడ్డనే తీసి బల్ల మీద పరుస్తాడు. కంప్యూటరు అలా చేయదు. డిస్కులో ఉన్నదానికి నకలు తీసి ర్యామ్‌లో పెడుతుంది. అసలు డిస్కులోనే ఉంటుంది. మనం దిద్దేది నకలును. దీని పర్యవసానం కాసేపట్లో చూద్దాం.

అక్షరానికి ఎంత చోటు?

మెమొరీలో అతి చిన్న ప్రమాణం బిట్. అది 0 గాని 1 గాని అయి ఉంటుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. 1024 బైట్లు ఒక కిలోబైట్, 1024 కిలోబైట్లు ఒక మెగాబైట్, 1024 మెగాబైట్లు ఒక గిగాబైట్, అంటే జీబీ. డిస్కు తయారీదారులు మాత్రం 1024 బదులు 1000 చొప్పున లెక్క కడతారు. అందుకే 500 జీబీ అని అచ్చువేసిన డిస్కును కంప్యూటరుకు పెడితే తెర మీద 465 జీబీ అని కనిపిస్తుంది. 35 జీబీ ఎవరూ కాజేయలేదు.

ఇప్పుడు "అమ్మ" అనే మాట తీసుకొందాం. కంప్యూటరు లెక్కలో ఇందులో నాలుగు గుర్తులున్నాయి: అ, మ, పొల్లు, మళ్లీ మ. 1991లో వెలువడిన ఇస్కీ అనే భారతీయ ప్రమాణంలో గుర్తుకు ఒక బైట్ చొప్పున ఈ మాట 4 బైట్లలో ఇమిడేది. నేడు వ్యాప్తిలో ఉన్న యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు, ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. అంటే మొత్తం 12. అయినా భయపడనక్కరలేదు. వెయ్యిన్నర గుర్తులున్న ఒక తెలుగు పేజీకి నాలుగున్నర వేల బైట్లు చాలు. ఎంత రాసినా అక్షరాలతో మెమొరీ నిండదు.

నింపేవి బొమ్మలు. 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు ఉన్న ఒక ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి. డిస్కులో దాన్ని కుదించి దాస్తారు కాబట్టి నాలుగైదు మెగాబైట్లలో సరిపోవచ్చు. కాని తెర మీద చూపడానికి, దిద్దడానికి ఆ కుదింపు విప్పాలి. చుక్కకు 3 బైట్ల చొప్పున వేసుకొన్నా ర్యామ్‌లో అది సుమారు 34 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. బీరువాలో మడత పెట్టిన చీర బల్ల మీద పరిస్తే ఎంత చోటు తీసుకొంటుందో చూశారు కదా! ఫోటోలు దిద్దే ప్రోగ్రాములు, మీరు వెనక్కి వెళ్లాలనుకొంటే వీలుగా, చేసిన మార్పులను కూడా మెమొరీలో ఉంచుకొంటాయి. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవారి కంప్యూటర్లకు ఎక్కువ ర్యామ్ కావలసి రావడం ఇందుకే.

కరెంటు పోతే ఏమవుతుంది?

ర్యామ్ చిప్పులో ఒక్కొక్క బిట్‌కు ఒక అతి సూక్ష్మమైన కెపాసిటర్ ఉంటుంది. అందులో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్‌తో ఒక బిట్‌ను నిలపవచ్చన్న ఆలోచన అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌ది. 1968లో ఆయనకు దానిపై పేటెంటు లభించింది. అయితే ఈ కెపాసిటర్ చిల్లికుండ వంటిది. నింపిన ఆవేశం నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందువల్ల సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోగా ప్రతి బిట్‌నూ చదివి, తిరిగి నింపాలి. 8 జీబీ ర్యామ్‌లో ఇటువంటి కుండలు సుమారు 6,870 కోట్లు. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ ఈ నింపుడు ఆగదు. కరెంటు ఆగితే నింపేవారుండరు. ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది.

ఇందాకటి నకలు సంగతి ఇప్పుడు చూడండి. నిన్న టైపు చేసి దాచిన దరఖాస్తును ఇవాళ తెరిచారు. దాని నకలు ర్యామ్‌లోకి వచ్చింది. రెండు పేజీలు కొత్తగా చేర్చారు. అవి ర్యామ్‌లోనే ఉన్నాయి. సేవ్ మీట నొక్కకముందే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక తెరిచి చూస్తే నిన్నటి దరఖాస్తు ఉన్నది ఉన్నట్లుగా ఉంటుంది, కొత్త పేజీలు మాత్రం ఉండవు. సేవ్ అంటే ర్యామ్‌లోని నకలును డిస్కులో తిరిగి రాయమని చెప్పడం. దరఖాస్తులకు చివరి తేదీ నాడు టైపు చేయించుకొనేవారు, ప్రతి పేరాకు ఒకసారి కంట్రోల్ మీటతో పాటు ఎస్ మీట నొక్కమని ఆపరేటరుకు చెప్పడం మంచిది. చాలా ప్రోగ్రాములు కొన్ని నిమిషాలకొకసారి తమంతట తామే ఒక ప్రతిని దాస్తాయి. కాని దానికీ దానికీ మధ్య చేసిన పని పోవచ్చు. యూపీఎస్ పెట్టుకొనేది కూడా రోజంతా పనిచేయడానికి కాదు, సేవ్ చేసి కంప్యూటరును పద్ధతిగా ఆపడానికి చాలినంత వ్యవధి కోసం.

బల్ల నిండితే?

మీట నొక్కగానే కంప్యూటరు మొదట మదర్‌బోర్డు మీద ఒక చిప్పులో శాశ్వతంగా ఉన్న చిన్న ప్రోగ్రామును నడుపుతుంది. అది డిస్కులోంచి విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థను ర్యామ్‌లోకి రప్పిస్తుంది. అంటే మీరు ఏమీ తెరవకముందే బల్లలో కొంత భాగం నిండిపోతుంది. ఆ భాగం ఏటేటా పెరుగుతూ వచ్చింది. విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్లు చాలన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్లు కావాలన్నారు. 1024 రెట్లు!

ఆపైన బ్రౌజరు, అందులో పది పేజీలు, ఒక వీడియో తెరిచారనుకొందాం. చోటు అయిపోయింది. అయినా కంప్యూటరు "ఇక నావల్ల కాదు" అనదు. కొంతసేపుగా మీరు చూడని భాగాలను 4 కిలోబైట్ల ముక్కలుగా డిస్కులో ఒక మూలకు తరలించి, ఖాళీ అయిన చోటును కొత్త పనికి ఇస్తుంది. ఈ ముక్కలను పేజీలంటారు. డిస్కునే మెమొరీగా నటింపజేసే ఈ ఏర్పాటును వర్చువల్ మెమొరీ అంటారు. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పని ప్రారంభించిన అట్లాస్ కంప్యూటరులో ఈ పద్ధతి అమలయింది.

ఏర్పాటు తెలివైనదే, కాని దానికి మూల్యం ఉంది. ర్యామ్‌లోంచి ఒక విషయం తీయడానికి దాదాపు 100 నానోసెకన్లు పడుతుంది. తిరిగే డిస్కులోంచి తీయడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు. అంటే లక్ష రెట్లు. ర్యామ్ పని ఒక సెకనులో అవుతుందనుకొంటే డిస్కు పనికి 27 గంటలకు పైగా పడుతుందన్నమాట. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కులో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి అదే లెక్కన 17 నిమిషాలు. కిటికీ మార్చగానే తెర బిగుసుకుపోవడం, డిస్కు దీపం ఆగకుండా మిణుకుమనడం జరిగితే, కంప్యూటరు మీ పని మాని గుడ్డలు మడవడంలోనే మునిగి ఉందని అర్థం.

ఆలోచించి చెప్పండి: మీ కంప్యూటరులో ఏ ప్రోగ్రామూ తెరవలేదు. అయినా ర్యామ్‌లో ఏమాత్రం ఖాళీ లేదని ఒక పనిముట్టు చూపుతోంది. ఇది లోపమా?

లోపం కానక్కరలేదు. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు కాబట్టి, మీరు మళ్లీ అడగవచ్చునన్న అంచనాతో డిస్కులోని కొన్ని ఫైళ్ల నకళ్లను విండోస్ అందులో ఉంచుతుంది. వేరే పనికి చోటు అవసరమైతే వాటిని వెంటనే తీసేస్తుంది. "మెమొరీని శుభ్రం చేస్తాం" అనే ప్రోగ్రాములు ఈ ఉపయోగపడే నకళ్లను కూడా ఊడ్చేస్తాయి. వాటిని కొనవద్దనే నా సలహా.

కొనేముందు చూడవలసినవి

విండోస్ 10, 11 ఉన్న కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట మెమొరీని ఎంచుకోండి. మీరు మామూలుగా వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి ఉంచి చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. "అవైలబుల్" అన్న అంకె బాగా తగ్గిపోయి, అదే సమయంలో డిస్కు 100 శాతం దగ్గర ఆడుతుంటే ర్యామ్ చాలడం లేదని గట్టిగా అనుమానించవచ్చు. సగం మిగిలి ఉండగా కంప్యూటరు నెమ్మదిగా ఉంటే ర్యామ్ పెంచి ప్రయోజనం లేదు. కారణం మరెక్కడో ఉంది.

పెంచాలనుకొంటే ఇంకొక తనిఖీ ఉంది. ర్యామ్‌లోని ప్రతి బైట్‌కూ ఇంటి నంబరు వంటి ఒక చిరునామా ఉంటుంది. 1981 నాటి ఐబీఎం పీసీలో చిరునామాకు 20 బిట్లే. అందుకే అది 1 మెగాబైట్ దాటి చూడలేకపోయింది. 32 బిట్ల విండోస్‌లో చిరునామాలు 429 కోట్ల పైచిలుకు, అంటే 4 జీబీ. అందులోనూ కొన్ని నంబర్లు ఇతర భాగాలకు పోతాయి. అటువంటి కంప్యూటరులో 8 జీబీ బిగించినా సగం వృథా. మొదట 64 బిట్ల విండోస్ ఉందో లేదో చూసుకోవాలి. డీడీఆర్3, డీడీఆర్4 పలకలకు గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, అక్కడ మార్చే వీలే లేదు.

ఒక సమస్య సాధించండి: 4 జీబీ ర్యామ్, 500 జీబీ తిరిగే డిస్కు ఉన్న పాత కంప్యూటరు ఒకటి అమ్మకానికి ఉంది. విండోస్ 64 బిట్లది. ర్యామ్ బిగించే రెండు గాళ్లలో ఒకటి ఖాళీ. కొంత అదనంగా ఇస్తే డిస్కును తీసి అంతకు రెట్టింపు తిరిగే డిస్కు వేస్తానని అమ్మేవాడు అంటున్నాడు. మీరు ఉత్తరాలు టైపు చేస్తారు, బ్రౌజరు వాడతారు, అప్పుడప్పుడు ఫోటోలు దిద్దుతారు. ఏమంటారు?

జవాబు: రెట్టింపు డిస్కు వద్దనాలి. అది బీరువాను పెంచుతుంది, బల్ల అంతే ఉంటుంది. ఆ డబ్బుతో ఖాళీ గాడిలో అదే రకం 4 జీబీ పలక వేయమనండి. ఇంకా మిగిలితే తిరిగే డిస్కు బదులు చిన్న ఎస్ఎస్‌డీ అడగండి, 240 జీబీదైనా మీ పనికి సరిపోతుంది. డబ్బు ఇచ్చేముందు అక్కడే టాస్క్ మేనేజర్ తెరిపించి 8 జీబీ కనిపిస్తోందో లేదో మీ కళ్లతో చూసుకోండి.