ఎలక్ట్రాన్ దారిని ముందుగా లెక్కకట్టడం

పాత్రపూర్ ప్రాంతం నుంచి బరంపురం వచ్చి ప్లస్ టూ సైన్సు చదివే పిల్లల తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: “ఫిజిక్సు చదివితే తరువాత ఏం చేస్తారు?” దానికి ఒక జవాబుగా ఈసారి ఒక యంత్రం గురించి వ్రాస్తున్నాము.

న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ‘ఢిల్లీ లైట్ సోర్స్’ అనే చిన్న ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ నిర్మాణం చేపట్టింది. దాని లక్ష్యం 0.18 నుంచి 3 టెరాహెర్ట్జ్ వరకు తరంగాలను పుట్టించడం. ఇవి మైక్రోవేవ్‌లకూ పరారుణ కాంతికీ నడుమ ఉంటాయి. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం కూడా 80 మైక్రాన్ల తరంగం కోసం ఇటువంటి యంత్రాన్ని రూపొందించింది. ఈ లేజర్ ఆలోచనను అమెరికాలో జాన్ మేడీ 1971లో ప్రచురించారు.

సుమారు 8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లను, ఉత్తర దక్షిణ ధ్రువాలు మారుతూ పేర్చిన అయస్కాంతాల వరుసల మధ్యకు పంపుతారు. అవి పాములా మెలికలు తిరుగుతూ కాంతిని వెదజల్లుతాయి. మెలిక పొడవు 50 మిల్లీమీటర్లయినా వెలువడే తరంగం 0.1 మిల్లీమీటరే! ఎలక్ట్రాన్ దాదాపు కాంతి వేగంతో తన తరంగం వెన్నంటే పోతుంది గనుక, ముందువైపు తరంగం అంతగా దగ్గరపడుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. శక్తి బాగా పెరిగిన పెద్ద యంత్రాలలో ఈ నెట్టుడు ప్రభావం చాలా తగ్గిపోతుంది. చిన్న యంత్రంలో అలా కాదు. ఎలక్ట్రాన్ల గుంపు తరంగం కంటే పొట్టిగా ఉంటేనే అన్నీ కోలాటంలో కర్రల్లా ఒక్కసారి మోగుతాయి. అప్పుడు పది లక్షల ఎలక్ట్రాన్లు పది లక్షల రెట్లు కాదు, దాని వర్గమంత కాంతినిస్తాయి. 3 టెరాహెర్ట్జ్ దగ్గర ఒక తరంగానికి పట్టే కాలం సెకనులో లక్ష కోట్ల వంతులో మూడో భాగం మాత్రమే. గుంపు అంతకు మించి సాగితే లాభం పోయినట్లే. అయస్కాంతాలు చేయించాక తప్పు తెలిస్తే డబ్బు, ఏళ్లు రెండూ వృథా. అందుకే ముందుగా కంప్యూటర్‌లో నడిపి చూస్తారు.

ఒక్క పికోకూలంబులోనే సుమారు 62 లక్షల ఎలక్ట్రాన్లుంటాయి. అన్నిటినీ విడివిడిగా లెక్కించకుండా, కొన్ని వేల బిందువులుగా కూడగట్టి ఒక్కో బిందువు మీద బలం, దానివల్ల కొత్త వేగం, కొత్త స్థానం కనుక్కుంటారు. మరుక్షణానికి మళ్లీ అదే లెక్క.

దీనికి మొదటి మెట్టు ప్లస్ టూ పుస్తకంలోని లోరెంజ్ బలమే. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం, 2016 నుంచి ఐసర్ ఉన్నాయి. అక్కడికి వెళ్లేదాకా ఆగనవసరం లేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒకే ఎలక్ట్రాన్‌ను అయస్కాంత క్షేత్రంలో అడుగడుగునా నడిపించండి. అయస్కాంతం దిశను మార్చగలదే గాని వేగాన్ని పెంచలేదు. కాని పాత వేగంతోనే తరువాతి అడుగు లెక్కకడితే ఎలక్ట్రాన్ వేగం పెరుగుతూ, వృత్తం వెడల్పవుతూ పోతుంది. అడుగును సగానికి తగ్గించి మళ్లీ చూడండి.