మూడో గేర్ పడట్లేదా? ముందు బానెట్ ఎత్తండి

షార్ట్ షిఫ్టర్ వేయించిన వారంలోపే పార్కింగ్‌లో రెండు మాటల్లో ఏదో ఒకటి వినబడుతుంది. "మామా, టక్కుమని పడుతోంది చూడు" అనేది మొదటిది. "మామా, మూడో గేర్ పడట్లేదు, గేర్‌బాక్స్ పోయినట్టుంది" అనేది రెండోది. ఈ వ్యాసం రెండో మాట అన్నవాళ్ళ కోసం.

చాలావరకు గేర్‌బాక్స్ పోయి ఉండదు. ఈ పనిలో దాన్ని ఎవరూ విప్పలేదు కదా. విప్పింది గేర్ రాడ్‌నీ కేబుల్ కొసల్నీ మాత్రమే. కాబట్టి తప్పు కూడా ముందు అక్కడే వెతకాలి. గేర్‌బాక్స్ దింపించేస్తే వేలల్లో వదులుతుంది. అలాగని "అదే సర్దుకుంటుందిలే" అనుకుని సగం పడిన గేర్‌తో నెల రోజులు తిప్పితే, అప్పుడు నిజంగానే పోతుంది. పైగా మనలో చాలామంది నడిపేది నాన్నగారి బండి.

పోలో, స్విఫ్ట్ లాంటి బండ్లలో గేర్ రాడ్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రెండు కేబుళ్ళు ఉంటాయి. చేతిని ముందుకూ వెనక్కూ కదిపితే ఒకటి లాగుతుంది, ఎడమకూ కుడికీ కదిపితే రెండోది. మొదటిదాన్ని షిఫ్ట్ కేబుల్ అనీ, రెండోదాన్ని సెలెక్ట్ కేబుల్ అనీ అందాం. (మాజ్దా మియాటా లాంటి వెనక చక్రాల బండిలో రాడ్ నేరుగా గేర్‌బాక్స్ నెత్తినే కూర్చుంటుంది. అక్కడ ఈ కేబుళ్ళ గొడవే లేదు.)

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్ళో బోరింగ్ పంపు కొట్టారా? దాని పిడిని సగానికి కోసేస్తే చెయ్యి తక్కువ దూరం కదులుతుంది, కానీ బలం రెట్టింపు పెట్టాలి. షార్ట్ షిఫ్టర్ కూడా ఇంతే. లెక్క కోసం, కీలు పైన రాడ్ 200 మి.మీ., కీలు కింద 50 మి.మీ. అనుకుందాం. నిష్పత్తి 4. గేర్ పడటానికి కేబుల్ 15 మి.మీ. కదలాలంటే పైన మన చెయ్యి 60 మి.మీ. కదలాలి. కింది భాగాన్ని 65 మి.మీ. చేస్తే నిష్పత్తి దాదాపు 3.1 అవుతుంది, చెయ్యి 46 మి.మీ. కదిలితే చాలు. కానీ పెట్టాల్సిన బలం 30 శాతం పెరుగుతుంది. గట్టిగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్ళకి ఇదే జవాబు. అది లోపం కాదు, మీరు డబ్బిచ్చి కొనుక్కున్నదే.

దీనికి ఇంకో కొస ఉంది. గేర్‌బాక్స్‌లో సింక్రోనైజర్ అనే శంకువు ఆకారపు రింగు రాపిడితో రెండు గేర్ల వేగాన్నీ కలిపాకే పళ్ళు కలుస్తాయి. ఆ రింగుకి బలం తగ్గితే టైమ్ ఎక్కువ కావాలి. ఇదివరకు మీ చేతి బలం నాలుగు రెట్లై లోపలికి చేరేది, ఇప్పుడు మూడు రెట్లే చేరుతోంది. అంటే మనం తొందరగా వేయాలని కొన్న వస్తువు, అదే చేతి బలానికి లోపలి పనిని నెమ్మది చేస్తోంది! అందుకే అరిగిన రెండో గేర్ సింక్రో పాత రాడ్‌తో నోరు మూసుకుని ఉండి, కొత్త రాడ్ రాగానే గర్రుమంటుంది. ఒక్క గేర్‌లోనే, అదీ విసురుగా వేసినప్పుడే గర్రుమంటే కారణం ఇదే కావచ్చు. చేతికి కాస్త ఓపిక నేర్పండి. నెమ్మదిగా వేసినా గర్రుమంటే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

మిగతా కేసులకు మొదటి పరీక్ష చాలా సులువు. బండి సమతల నేల మీద పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాయి పెట్టి, ఇంజన్ ఆపేసి అన్ని గేర్లూ వేసి చూడండి. ఒక్కోసారి పళ్ళకి పళ్ళు ఎదురుపడి ఆగుతుంది. క్లచ్ వదిలి మళ్ళీ తొక్కి, ఇంకోసారి చూడండి. ఆపినప్పుడు అన్నీ హాయిగా పడి, స్టార్ట్ చేశాక అన్నీ మొండికేస్తే అనుమానం క్లచ్ మీద. అది పూర్తిగా విడటం లేదు. షార్ట్ షిఫ్టర్‌ని తిట్టి లాభం లేదు. ఆపినా పడకపోతే తప్పు కేబుళ్ళ దారిలోనే ఉంది.

ఏ గేర్లు పడట్లేదో కాగితం మీద రాసుకుంటే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. 1, 3, 5 ముందుకు వేసే గేర్లు. 2, 4 వెనక్కి లాగేవి. ముందుకు వేసేవన్నీ మెత్తగా, సగం సగం పడి, 2, 4 మాత్రం గట్టిగా పడితే షిఫ్ట్ కేబుల్ మధ్యస్థానం తప్పింది. అంటే గేర్‌బాక్స్ న్యూట్రల్ ఒకచోట, మన చేతి న్యూట్రల్ ఇంకోచోట ఉన్నాయి. తిరగబడినా ఇంతే. 3, 4 బాగుండి, ఒకటి కోసం లేదా అయిదు కోసం వెతుక్కోవాల్సి వస్తే సెలెక్ట్ కేబుల్ తప్పింది. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హైవే మీద నాలుగు నుంచి అయిదు అనుకుని మూడులో వేస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు గానీ చక్రాల్ని ఆపలేదు.

సగం పడిన గేర్ ఎందుకు ప్రమాదమంటే, గేర్ పళ్ళ కొసలు కాస్త వెనక్కి వాలుగా కోసి ఉంటాయి. పూర్తిగా లోపలికి వెళ్ళిన స్లీవ్‌ని లోడు పడ్డప్పుడు ఆ వాలే పట్టి ఉంచుతుంది. అంచు దగ్గరే ఆగిపోతే పట్టుకోదు. యాక్సిలరేటర్ వదలగానే టప్‌మని న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. వచ్చిన ప్రతిసారీ పళ్ళ కొసలు గుండ్రమవుతాయి. ఆ తర్వాత కేబుల్ ఎంత సర్దినా ఆ గేర్ నిలవదు.

పూర్తిగా పడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక స్నేహితుణ్ణి లోపల కూర్చోబెట్టండి. ఇంజన్ ఆపే ఉండాలి. వాడు మూడో గేర్ వేసి పట్టుకుంటే, మీరు బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీది చిన్న మీటను అదే దిశలో చేత్తో తోయండి. ఇంకా కదిలి 'టిక్' అని కూర్చుంటే కేబుల్ దాన్ని పూర్తిగా తీసుకెళ్ళలేదన్నమాట. అప్పుడే కేబుల్ పైతొడుగు కూడా చూడండి. లోపలి తీగతోపాటు పైతొడుగు కూడా ఊగుతుంటే బ్రాకెట్ దగ్గర క్లిప్ సరిగా కూర్చోలేదు. ఇరవై రూపాయల క్లిప్పు చేసే పని ఇదంతా.

బుష్‌ల సంగతి కూడా ఇక్కడే. కొన్ని కిట్లు రాడ్‌ని మార్చవు, గేర్‌బాక్స్ మీది మీటను పొట్టి చేస్తాయి. 60 మి.మీ. మీటను 45 చేస్తే కేబుల్ కదలాల్సింది 15 నుంచి 11.25 మి.మీ.కి తగ్గుతుంది. అరిగిన బుష్‌లో 2 మి.మీ. లూజు ఉంటే ఇదివరకు ఆ ప్రయాణంలో 13 శాతం వృథా అయ్యేది, ఇప్పుడు 18 శాతం. కొత్త కిట్‌కి పాత బుష్‌లే వేస్తానంటే ఒప్పుకోవద్దని నా సలహా.

సర్దడం ఎలా? సూత్రం ఒక్కటే: గేర్‌బాక్స్‌ని న్యూట్రల్‌లో బిగబట్టి, రాడ్‌నీ న్యూట్రల్‌లో బిగబట్టి, అప్పుడు కేబుల్‌ని కలపాలి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, పోలోల్లో కేబుళ్ళు ఉన్న చాలా మోడళ్ళకి ఇది అందంగా అమర్చారు. కేబుల్ కొసన స్ప్రింగ్ ఉన్న కాలర్‌ని లాగి తిప్పితే కేబుల్ వదులవుతుంది. గేర్‌బాక్స్ మీది షాఫ్ట్‌ని కిందికి నొక్కి, పక్కనున్న వంపు కడ్డీని తిప్పితే అది లాక్ అవుతుంది. లోపల రాడ్ కింద ఉన్న రంధ్రంలో 4.5 మి.మీ. డ్రిల్ బిట్ దూరిస్తే రాడ్ కదలదు. ఇప్పుడు కాలర్లు వదిలేస్తే స్ప్రింగులే సరైన చోట పట్టుకుంటాయి. తర్వాత కడ్డీనీ డ్రిల్ బిట్‌నీ వెనక్కి తీయడం మర్చిపోకూడదు. మిగతా కంపెనీల్లో పద్ధతి వేరు, సర్వీస్ మాన్యువల్ చూసే చేయాలి. కంటి అంచనాతో సర్దే పని కాదిది.

అంతా సరిగ్గా సర్దినా రెండో గేరో నాలుగో గేరో బయటికి వస్తుంటే, లెదర్ తొడుగు తీసేసి ఒకసారి నడపండి. రాడ్ ఎత్తు మారాక బిగుసుకుపోయిన తొడుగు దాన్ని ముందుకు లాగుతూ ఉండొచ్చు. రాడ్ కింది భాగం కన్సోల్‌కి తగులుతోందేమో కూడా అప్పుడే కనబడుతుంది. ఇత్తడి బుష్‌లు వేశాక చేతికి వచ్చే జివ్వుమనే వణుకు మాత్రం జబ్బు కాదు. రబ్బరు మింగే వణుకుని లోహం మింగదు, అంతే.

చివరి పరీక్ష ఖాళీ రోడ్డు మీద. మూడో గేర్‌లో 40 దగ్గర రాడ్ మీద చెయ్యి తీసేసి, యాక్సిలరేటర్ నొక్కి వదలండి, మళ్ళీ నొక్కి వదలండి. గేర్ నిలిస్తే నాలుగులోనూ అదే చేయండి. రెండు మూడు వారాలు తిప్పాక, కేబుల్ కొసల లాకుల్ని ఇంకోసారి చేత్తో లాగి చూడండి.