పిల్లల కోసం వెళ్తే బయటపడే జబ్బు

2005లో ‘హ్యూమన్ రీప్రొడక్షన్’ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన పత్రం వచ్చింది. దాని వెనక ఉన్నవాళ్లు మూడు చోట్ల వాళ్లు. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి డాక్టర్ ఎస్. శివాజీ, మంజుల భానూరిల బృందం. ఆక్స్‌ఫర్డ్ నుంచి స్టీఫెన్ కెన్నెడీ, క్రినా జోండర్వాన్. సికింద్రాబాద్‌లోని ఇన్‌ఫెర్టిలిటీ ఇన్‌స్టిట్యూట్ అండ్ రిసెర్చ్ సెంటర్ నుంచి డాక్టర్ మమతా దీనదయాళ్. దక్షిణ భారత స్త్రీలలో ఎండోమెట్రియోసిస్‌కు జన్యువుల్లో మూలం ఏమైనా ఉందా అని వాళ్లు వెతికారు.

గర్భసంచి లోపలి పొర నెలనెలా మందమవుతుంది, గర్భం నిలవకపోతే ఊడి నెలసరిగా బయటికి పోతుంది. అలాంటి కణజాలమే గర్భసంచి వెలుపల, అంటే అండాశయాల మీదో, పొత్తికడుపు లోపలి గోడ మీదో, పేగు మీదో, మూత్రాశయం మీదో పాతుకుంటే అది ఎండోమెట్రియోసిస్. హార్మోన్ల మాట అదీ వింటుంది. అక్కడ వాపు వస్తుంది, మచ్చలు కడతాయి, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చిక్కగా గూడు కడితే దాన్నే డాక్టర్లు చాక్లెట్ సిస్టు అంటారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పదిమందికి ఒకరు, ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మంది దీనితో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆ కణజాలం అక్కడికి ఎలా చేరింది? నెలసరి రక్తం కొంత ఫెలోపియన్ నాళాల గుండా వెనక్కి మళ్లి కడుపులో పడుతుందని 1920లలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ చెప్పాడు. నిజమే, పడుతుంది. చిక్కేమిటంటే చాలామంది ఆడవాళ్లలో పడుతుంది. అందరికీ జబ్బు రాదు. కొందరిలోనే అది ఎందుకు వేళ్లూనుకుంటుందో శాంప్సన్ సిద్ధాంతం చెప్పదు. జన్యువుల వేట ఇక్కడే మొదలైంది.

పాతుకున్న కణజాలం బతకాలంటే దానికి రక్తం అందాలి. కొత్త రక్తనాళాలను మొలిపించే ప్రొటీన్ వీఈజీఎఫ్. సికింద్రాబాద్ పత్రం చూసింది ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువునే. జబ్బున్న రెండు వందల పైచిలుకు మందినీ, లేని రెండు వందల పైచిలుకు మందినీ పోల్చి చూస్తే, ఆ జన్యువులో ఒక్క అక్షరం తేడాకూ జబ్బుకూ సంబంధం కనిపించింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగం నుంచి భానూరి బృందం ఈ దారినే కొనసాగించింది. 2012లో, కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ఈ-కాడ్హెరిన్ అనే ప్రొటీన్ జన్యువులోనూ అలాంటి సంబంధం ఉందని ప్రకటించింది.

ఇలాంటి ఫలితాలను అతిగా నమ్మకూడదు. కొన్ని వందల మందిలో ఒక్కో జన్యువును పట్టుకుని చూసే పద్ధతి ఆ కాలపు పద్ధతి. ఒక దేశంలో కనిపించిన సంబంధం ఇంకో దేశంలో మాయమయ్యేది. ఆ తర్వాత మొత్తం జన్యుపటాన్ని ఒకేసారి జల్లెడ పట్టే అధ్యయనాలు వచ్చాయి. అలాంటి ఒకదానిలో 2016లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలకు దొరికింది వీఈజీఎఫ్ కాదు, దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకం, కేడీఆర్. మన వాళ్లు తట్టిన తలుపు సరిగ్గా అదే కాకపోయినా, వీధి మాత్రం తప్పలేదన్నమాట.

2023లో అదే జోండర్వాన్ నాయకత్వంలో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అప్పటికి అన్నిటికన్నా పెద్దది. జబ్బున్నవాళ్లే 60,674 మంది. జన్యుపటంలో 42 చోట్ల సంబంధం తేలింది. కానీ వాళ్లంతా ఐరోపా మూలాలవాళ్లు, తూర్పు ఆసియా మూలాలవాళ్లు. అంటే 2005 నాటి పత్రం కోసం సికింద్రాబాద్‌లో రక్తం ఇచ్చిన స్త్రీల వంశాలవాళ్లకు ఆ లెక్కలో చోటు లేదు.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది వేరే సంగతి. ఎండోమెట్రియోసిస్ జన్యువులకూ, మైగ్రేన్, నడుం నొప్పి, ఒళ్లంతా పలుచోట్ల వచ్చే నొప్పుల జన్యువులకూ పొత్తు ఉందని తేలింది. జన్యువులు వెతుకుతూ పోయినవాళ్లు నొప్పి దగ్గర తేలారు.

ఈ జబ్బును నాలుగు దశలుగా విడదీస్తారు. ఎంత మేర పాకింది, ఎంత లోతుకు దిగింది, ఏమేం అతుక్కున్నాయి అన్న వాటికి మార్కులు ఉంటాయి. నొప్పికి ఒక్క మార్కూ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే రెంటికీ పొంతన కుదరదు. నాలుగో దశలో ఉన్న ఒకావిడకు పిల్లల కోసం పరీక్ష చేయించుకునేదాకా ఏ బాధా తెలియదు. మొదటి దశలో ఉన్న ఇంకొకావిడ నెలనెలా మంచం దిగలేదు. పాతుకున్న కణజాలంలోకి సన్నని నాడులు మొలుస్తాయి, వాపు వాటిని రెచ్చగొడుతుంది. ఏళ్ల తరబడి అలా సంకేతాలు వెళ్తే వెన్నుపాము, మెదడు పదునెక్కిపోతాయి. చిన్న స్పర్శ కూడా నొప్పిగా తోస్తుంది. గర్భసంచి, పేగు, మూత్రాశయం నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో దగ్గరదగ్గరగా చేరతాయి కాబట్టి, ఒకదాని బాధ ఇంకొకదాని బాధగా తెలుస్తుంది. ఆపరేషన్‌లో గడ్డలు తీసేసినా కొందరికి నొప్పి మిగిలిపోవడానికి ఇదొక కారణం.

మరి నాడులనే శాంతపరిస్తే? లాపరోస్కోపీలో, అంటే కడుపులోకి కెమెరా దించి చూసే పరీక్షలో, ఏమీ కనిపించని పొత్తికడుపు నొప్పికి గాబాపెంటిన్ మాత్రలు రాసే అలవాటు డాక్టర్లలో ఉంది. బ్రిటన్‌లో 306 మంది స్త్రీల మీద దాన్ని పరీక్షించి 2020లో ‘లాన్సెట్’లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర కన్నా అది మేలు చేయలేదు, మత్తు, తల తిరగడం మాత్రం ఎక్కువయ్యాయి.

మన దగ్గర ఈ నొప్పికి జవాబు తరచూ ఇంతకన్నా మొరటుగా ఉంటుంది. పెళ్లికి ముందు ‘పెళ్లయితే తగ్గుతుంది’ అంటారు, పెళ్లయ్యాక ‘ఒక కాన్పయితే పోతుంది’ అంటారు, ఇద్దరు పిల్లలయ్యాక ‘ఇంక దానితో పనేముంది, తీయించేసుకో’ అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలోకెల్లా ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. వాళ్లందరిదీ ఎండోమెట్రియోసిస్ అని కాదు. కానీ ఆ జబ్బు ఉండి తీయించుకున్నవాళ్లకు, కణజాలం గర్భసంచి బయటే మిగిలి, అండాశయాలు ఈస్ట్రోజెన్ పోస్తూనే ఉంటే, నొప్పి తిరిగి రావచ్చు.

సికింద్రాబాద్ నమూనాలను ఈ వెలుగులో మళ్లీ చూడాలి. అవి వచ్చింది సంతానం కోసం చికిత్స చేసే కేంద్రం నుంచి. అది పరిశోధకుల తప్పేమీ కాదు. కడుపు కోసి, లేదా కెమెరా దించి చూస్తేగానీ జబ్బు రుజువు కాని రోజుల్లో అంతదాకా వెళ్లేది ఎక్కువగా పిల్లలు లేక వచ్చినవాళ్లే. నొప్పి మాత్రమే ఉన్న పదిహేడేళ్ల పిల్ల, నలుగురు పిల్లల తల్లి, పెళ్లి కానివాళ్లు ఆ లెక్కలోకి వచ్చే దారే లేదు. ఇప్పుడు అలా కోసి చూడాల్సిన అవసరం తగ్గింది. స్కాన్, లక్షణాలు చూసి మందు మొదలుపెట్టవచ్చని, లాపరోస్కోపీ అందరికీ అక్కర్లేదని ఐరోపా నిపుణుల సంఘం 2022లో చెప్పింది.

ముంబయిలోని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంస్థ ఎన్‌ఐఆర్‌ఆర్‌సీహెచ్‌లో డాక్టర్ రాహుల్ గజ్‌భియే నడుపుతున్న ఈసీజీఆర్‌ఐ అధ్యయనం దేశంలోని పలు ఆస్పత్రుల నుంచి వేల మంది స్త్రీల నమూనాలు సేకరించే ప్రయత్నం. ఆక్స్‌ఫర్డ్ ఇందులోనూ భాగస్వామి. రక్తంతోపాటు ఒక పొడవాటి ప్రశ్నావళి కూడా ఉంటుంది. అందులో పిల్లల గురించి అడుగుతారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎంత, కలయికలోనా, మల విసర్జనలోనా, పని మానుకోవాల్సి వచ్చిందా అన్నదీ అడుగుతారు.