వేసవి రాత్రి, ఇద్దరికి పొయ్యి వెలిగించని భోజనం

వండటం వల్ల ఆహారంలో కలిగే మార్పులను మీరు ఇంతకుముందు చదివారు. వండకుండానే భోజనం సిద్ధం చేయాలంటే ఏం తెలిసి ఉండాలి? పత్తికొండలో ఉండే ఒక యువదంపతులు మే నెలలో ఒక రాత్రి మిద్దె మీద ఇద్దరే కూర్చుని అలా భోజనం చేయాలనుకున్నారని ఊహించండి.

ఆ నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ఆ ప్రాంతంలో మామూలే. చీకటి పడ్డాక కూడా వంటిల్లు చల్లబడదు. పొయ్యి వెలిగించకపోతే ఆ వేడి తప్పుతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. జొన్నరొట్టె వేడిగా తినాలంటే ఒకరు పెనం దగ్గర ఉండక తప్పదు. ఆ ఒకరు సాధారణంగా భార్యే. అందరూ తిన్నాక ఆమె చల్లారినది తింటుంది. పచ్చి పదార్థాల భోజనంలో ఇద్దరూ ఒకేసారి కూర్చోవచ్చు. అయితే కడగడం, తరగడం ఆమెకే వదిలేస్తే ఈ లాభం సగమైపోతుంది.

ఇలాంటి భోజనం మనకు కొత్త కాదు. శ్రీరామనవమికి పెట్టే వడపప్పు, పానకం, చలిమిడి మూడింటికీ పొయ్యి అక్కర్లేదు. అవి సీతారాముల పెళ్లినాటి ప్రసాదాలు కూడా. కడప జిల్లా ఒంటిమిట్టలో ఆ కల్యాణం పున్నమి రాత్రి జరుగుతుంది. కాబట్టి ఇద్దరి విందుకు ఇంతకంటే తగిన వంటకాలను వేరేచోట వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

వడపప్పుకు పెసరపప్పును గంటన్నర నానబెడితే చాలు. నీళ్లు వంపి, కీరా ముక్కలు, పచ్చిమామిడి కోరు, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి కలపాలి. ఉప్పు వడ్డించే ముందే వేయాలి, లేకపోతే కీరా నీరు వదులుతుంది. నిమ్మరసంలోని విటమిన్ సి పప్పులోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. పక్కన చింతపండు రసం, ఉల్లిపాయ, బెల్లంతో పచ్చిపులుసు చేసుకోవచ్చు. చివరగా బనగానపల్లె మామిడిపండు. పత్తికొండ మార్కెట్‌కు పేరు తెచ్చిన టమోటాను పచ్చిగా తింటే విటమిన్ సి ఎక్కువగా దక్కుతుంది. కానీ అందులోని లైకోపీన్ నూనెతో ఉడికించినప్పుడే బాగా ఒంటబడుతుంది. పచ్చిది అన్నిటా మేలన్న మాట సరికాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మంట చేసే ముఖ్యమైన పని రుచి ఇవ్వడం కాదు, సూక్ష్మజీవులను చంపడం. మంట లేనప్పుడు ఆ భారం నీటి మీద, శుభ్రత మీద, సమయం మీద పడుతుంది. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని బాక్టీరియాలు సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. లెక్క వేయండి: ఒకటి గంటకు 8 అవుతుంది, నాలుగు గంటలకు 4096. అందుకే తరిగిన ముక్కలను 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉంచకూడదు. కడగడానికీ, నానబెట్టడానికీ, పానకానికీ కాచి చల్లార్చిన నీరే వాడాలి. అంగట్లో కొన్న ఐసు ఏ నీటితో చేశారో తెలియదు కనుక కుండలో చల్లబరచిన నీరు మేలు. మాంసం కోసిన కత్తి, పలక ఈ పనికి వాడకూడదు. నిమ్మకాయ పిండితే క్రిములన్నీ చస్తాయన్న నమ్మకం మీద ఆధారపడవద్దు.

మొలకల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గింజ మొలకెత్తడానికి కావలసిన తేమ, వెచ్చదనం బాక్టీరియాకూ సరిపోతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ.కోలై వల్ల వేలమంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా మరణించారు. ఆ మొలకలు చూడటానికి శుభ్రంగానే ఉండి ఉంటాయి. గర్భిణులు పచ్చి మొలకలు తినకూడదు. పొట్టు తీసిన పప్పు మొలకెత్తదు, కొద్దిసేపే నానుతుంది. ఆ రకంగా వడపప్పు మొలకల కంటే నయం. రాజ్మాను మాత్రం ఎంత నానబెట్టినా పచ్చిగా తినరాదు. అందులోని విషపదార్థం బాగా ఉడికిస్తేనే పోతుంది. వేరుశనగ గింజల్లో బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయాలి.

ఒక పూట విందుగా ఇది చక్కగా సరిపోతుంది. రోజువారీ ఆహారమంతా ఇలాగే ఉంటే శక్తి, మాంసకృత్తులు తగ్గుతాయి. మొక్కల ఆహారంలో విటమిన్ బి12 దొరకదు.

అభ్యాసం: రాత్రి 8 గంటలకు భోజనం అనుకుని, పప్పు నానబెట్టడం మొదలు వడ్డన వరకు పనుల వేళలు రాయండి. ప్రతి పని ఎదురుగా ఇద్దరిలో ఎవరు చేస్తారో కూడా రాయండి.